రెక్కీ డ్రోన్ శిక్షణకు ఎలాంటి సిమ్యులేటర్ కావాలి? గేమ్‌లాంటిది సరిపోతుందా?

అడిగిన విషయం ఇది: నిఘా డ్రోన్లు నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చే చోట సిమ్యులేటర్ కొనాలి. గేమ్ ఇంజిన్ (వీడియో గేములు కట్టే సాఫ్ట్‌వేర్) మీద కట్టినవి చూస్తే అచ్చం నిజంలా ఉన్నాయి, ఖరీదూ తక్కువ. వాటితో సరిపెట్టుకోవచ్చా? సిమ్యులేటర్ మీద కూర్చున్నందుకు అసలు ఎగరేసే గంటలు ఎన్ని తగ్గించుకోవచ్చు?

ముందు సమాధానం చెప్పేస్తాను. డ్రోన్ ఎగరేయడానికి చెయ్యి కుదరాలంటే అవి సరిపోతాయి. రెక్కీ నేర్పడానికి సరిపోవు. రెక్కీ అంటే చూసినదాన్ని సరిగ్గా అర్థం చేసుకుని, తెలిసినంతవరకే పైకి చెప్పడం. అది నేర్పాలంటే డబ్బు నాలుగు చోట్ల పెట్టాలి: కెమెరా ఎలా ప్రవర్తిస్తుంది, డ్రోన్‌కీ మనకీ మధ్య రేడియో లింక్ ఎలా ప్రవర్తిస్తుంది, ఇన్‌స్ట్రక్టర్ స్టేషన్‌లో ఏమేం చేయొచ్చు, డీబ్రీఫ్‌కి (సెషన్ అయ్యాక కూర్చుని చేసే సమీక్షకి) ఏం రికార్డవుతుంది. దృశ్యం అందం వీటన్నిటి తర్వాత. గంటల సంగతికొస్తే అందరికీ పనికొచ్చే అంకె ఏదీ లేదు. మీ బ్యాచ్‌ల మీద మీరే కొలుచుకోవాలి, ఎలాగో కింద రాశాను.

నేను పేలోడ్ ఆపరేటర్‌గా, అంటే డ్రోన్ కెమెరా నడిపేవాడిగా మొదలుపెట్టి, తర్వాత 11 ఏళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నాను. కొత్త సిమ్యులేటర్లు వచ్చినప్పుడు పరీక్షించి, తీసుకోవచ్చో లేదో చెప్పే బృందంలోనూ కూర్చున్నాను. ఇక్కడ రాసేవి ఎక్కువగా ఆ పనిలో దెబ్బ తిని నేర్చుకున్నవే.

దృశ్యం గురించి ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే పాత సంగతి ఒకటి గుర్తుచేయాలి. ఎడ్విన్ లింక్ 1929లో తయారుచేసిన ట్రైనర్‌లో బయటి దృశ్యమనేదే లేదు. వాళ్లది ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే కుటుంబం. ఆ వాయిద్యంలో వాడే గాలితిత్తులతోనే పొట్టి రెక్కల పెట్టె ఒకటి అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. లోపల కూర్చుని మూత వేసుకుంటే కనిపించేవి మీటర్లే. మొదట్లో దాన్ని ఎక్కువగా కొన్నది వినోద పార్కులవాళ్లు. 1934లో అమెరికా సైన్యం టపా విమానాలు నడిపే పని నెత్తిన వేసుకుని, మబ్బుల్లో, మంచులో పైలట్లను వరసగా పోగొట్టుకుంది. అప్పుడు ఆరు లింక్ ట్రైనర్లు కొన్నారు. ఆ చావులకు పెద్ద కారణం, బయట ఏమీ కనబడనప్పుడు మీటర్లు చూసి నడపడం రాకపోవడం. ఆ పెట్టె నేర్పింది సరిగ్గా అదే. మీరూ కొనేముందు మీ వాళ్లు నిజంగా ఎక్కడ పొరబడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పొరపాట్లు సిమ్యులేటర్‌లో పుట్టించగలమా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

ఎగరేయడం

దీన్ని త్వరగా ముగిస్తాను. ఎఫ్‌పీవీ డ్రోన్లయితే (కళ్లద్దాల్లో డ్రోన్ కెమెరా చూపు చూస్తూ చేత్తో నడిపేవి) పనంతా వేళ్లదే. లిఫ్టాఫ్, వెలోసీడ్రోన్ లాంటి మామూలు పీసీ సిమ్యులేటర్లు చాలు. ఒక్కటే షరతు: గేమ్‌ప్యాడ్ ఇవ్వకండి, రేపు చేతిలో ఉండబోయే ట్రాన్స్‌మిటర్‌నే యూఎస్‌బీతో తగిలించండి. స్టిక్ బిగువు, వేలి పట్టు మారితే నేర్చుకున్నది సగం పోతుంది.

ఆటోపైలట్ మీద నడిచే నిఘా డ్రోన్లకు చేతిపని చాలా తక్కువ. రూటు ఇస్తాం, ఎత్తు ఇస్తాం, అదే వెళ్తుంది. వీటికి డబ్బు పెట్టకుండానే దొరికే మంచి మార్గం ఉంది. ఆర్డూపైలట్, పీఎక్స్4 అనే ఉచిత ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్లు రెండింటికీ అసలు ఆటోపైలట్ కోడ్‌నే కంప్యూటర్‌లో నడిపే ఏర్పాటు ఉంది. దానికి అసలు గ్రౌండ్ స్టేషన్ సాఫ్ట్‌వేర్‌నే కలపొచ్చు. లింక్ తెగితే డ్రోన్ ఏం చేస్తుంది, జీపీఎస్ పోతే ఏ మోడ్‌లోకి వెళ్తుంది అన్నవి ఎవరో ఊహించి రాసినవి కాకుండా అసలు కోడ్ చేసేవే కనిపిస్తాయి. మీ డ్రోన్ వాటి మీద నడిచేదైతే మొదటి నెల శిక్షణ దీని మీదే కానిచ్చేయొచ్చు.

కెమెరా ఎంతవరకు చూడగలదు

గేమ్ ఇంజిన్ దెబ్బతీసేది ఇక్కడే. అందులో ఎంత దూరాన ఉన్న బండి అయినా గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. అసలు కెమెరాలో అలా ఉండదు. ఎంత ఉంటుందో లెక్కకట్టడానికి 1958లో జాన్ జాన్సన్ ఇచ్చిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. ఒక వస్తువు చిన్న వైపు కొలత మీద ఎన్ని గీతల జతలు పడతాయి అన్నది లెక్క (జత అంటే పక్కపక్కనే ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత; తెరలో దానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి). ఏదో ఉందని పట్టుకోవడానికి 1 జత, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి 1.4, ఏ తరగతి వస్తువో చెప్పడానికి 4, ఫలానాదని గుర్తించడానికి 6.4. అదీ సగం సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగే హద్దు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 640 పిక్సెళ్ల వెడల్పున్న థర్మల్ కెమెరా (వేడిని చూసేది), 2 డిగ్రీల చూపు కోణం, ఏటవాలు దూరం 5 కిలోమీటర్లు. తెర వెడల్పులో నేల మీద సుమారు 175 మీటర్లు పడతాయి, అంటే పిక్సెల్‌కి 27 సెంటీమీటర్లు. 2.3 మీటర్ల ఎత్తున్న వాహనం మీద పడేది ఎనిమిది పిక్సెళ్ల పైచిలుకు, అంటే నాలుగు గీతల జతలకు కాస్త ఎక్కువ. ఆ దూరం నుంచి "ట్రక్కులాంటిది" అనొచ్చు, అదీ సగం నమ్మకంతో. "ఫలానా రకం ట్రక్కు" అనడానికి వీల్లేదు. పైగా ఇందులో ఎండకు గాలి అలలాడటం, పొగమంచు, వీడియో ఫీడ్‌ని కుదించినప్పుడు వచ్చే గడులు ఏవీ లేవు.

స్పష్టమైన బొమ్మ మీద నేర్చుకున్న ట్రైనీ ఈ హద్దు తెలియకుండానే బయటికొస్తాడు. సిమ్యులేటర్‌లో రకంతో సహా చెప్పి మార్కులు తెచ్చుకున్న అలవాటు, అసలు పనిలో ఊహని చూపుగా మార్చి చెప్పిస్తుంది. అందుకే డెమోలో మీ కెమెరా పిక్సెళ్లు, చూపు కోణం ఇచ్చి, దూరం పెంచుకుంటూ పొమ్మనండి. మీ దగ్గరున్న అసలు ఫుటేజ్‌ని పక్కన పెట్టి చూడండి. సిమ్యులేటర్‌లో బొమ్మ అసలుకంటే మెరుగ్గా కనబడితే అది లోపం.

థర్మల్

మా దగ్గరికి ఒకసారి వచ్చిన సిమ్యులేటర్‌లో థర్మల్ అంటే రంగు బొమ్మని నలుపు తెలుపు చేసి, మనుషులకూ బండ్లకూ తెల్లరంగు పూయడమే. అప్పట్లో నేనూ గమనించలేదు. రెండు బ్యాచ్‌లు దాని మీదే చేశాయి. సూర్యాస్తమయం అయిన గంటకు మొదటి అసలు సార్టీలో (ఎగురవేతలో) ఒక అమ్మాయి "వరసగా ఆగిన ఆరు వాహనాలు" అని రిపోర్ట్ చేసింది. అవి పగలంతా ఎండలో కాగిన రాళ్లు. తప్పు ఆమెది కాదు. తెల్లగా ఉన్నదల్లా బండి అని ఆమెకు రెండు నెలల పాటు నేర్పింది మేము. అది అభ్యాసమే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వేడి రోజంతా ఒకలా ఉండదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తువుకీ వెనకున్న నేలకీ ఉష్ణోగ్రత దాదాపు సమానమై, కళ్లెదుట ఉన్నదే తెరలో కలిసిపోతుంది. ఇంజిన్ ఆపిన బండి మెల్లగా చల్లబడుతుంది. పగలు ఒకచోట చాలాసేపు నిలిపిన బండి వెళ్లిపోయినా, దాని నీడలో చల్లగా ఉండిపోయిన నేల కాసేపు నల్లటి మచ్చలా కనబడుతుంది. "ఇక్కడ ఏదో ఉండి వెళ్లింది" అని చెప్పగలిగే ఆపరేటర్ విలువ వేరు. ఆ మచ్చ సిమ్యులేటర్‌లో లేకపోతే దాన్ని ఎక్కడ నేర్చుకుంటాడు?

కొనేముందు చేయాల్సిన పరీక్ష: ఒకే రకం బండ్లు రెండు పెట్టమనండి, ఒకదాని ఇంజిన్ నడుస్తూ, ఇంకోటి ఆపి. సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు ఎనిమిది దాకా గంటకొక బొమ్మ చూపించమనండి. పదిహేడు బొమ్మలూ ఒకేలా ఉంటే ఇంక మాట్లాడాల్సింది లేదు.

గొట్టంలోంచి చూపు, ఆలస్యం

శాటిలైట్ మీదుగా నడిపే డ్రోన్‌లో మనం చేసిన పని తెర మీద కనబడేసరికి సెకనుకు పైనే పడుతుంది. అమెరికా పెద్ద డ్రోన్లు ప్రెడేటర్, రీపర్ తరహా వాటిని ఎగరేయడం, దించడం రన్‌వే దగ్గరే ఉన్న వేరే సిబ్బంది నేరు రేడియో లింక్‌తో చేస్తూ వచ్చింది ఇందుకే. ఆలస్యానికి తోడు జూమ్. జూమ్ పెంచిన కొద్దీ గొట్టంలోంచి లోకాన్ని చూస్తున్నట్టే.

ఒక సెషన్ ఇప్పటికీ కళ్లముందుంది. పేలోడ్ సీటులో చురుకైన కుర్రాడు. తెర మధ్యలో మట్టిరోడ్డు, దాని మీద చిన్న ట్రక్కు. జూమ్ లోపలికి లాగాడు, ట్రక్కు తెర నిండా వచ్చింది. నేను వెనక నుంచి ఆలస్యాన్ని ఒకటిన్నర సెకన్లకు పెంచాను. ట్రక్కు కుడికి తిరిగింది. జాయ్‌స్టిక్ కుడికి నెట్టాడు. తెరలో ఏమీ కదల్లేదు. ఇంకా నెట్టాడు. రెండు నెట్లూ కలిసి ఒక్కసారే వచ్చాయి, ట్రక్కు ఎడమ అంచు దాటి పోయింది. ఎడమకు లాగాడు, మళ్లీ అదే కథ. మూడోసారికి తెర నిండా పొదలే. అతని బొటనవేలు మాత్రం జూమ్ మీటని ఇంకా ముందుకే నొక్కుతోంది. "బయటికి రా" అన్నాను. వెడల్పు చూపులోకి రావడానికి నలభై సెకన్లు తీసుకున్నాడు. వచ్చేసరికి కూడలిలో ఒకేలాంటి ట్రక్కులు రెండు. కాసేపు చూసి, "ఏది మనదో చెప్పలేను సార్" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆ రోజు అతనికి మంచి మార్కులు వేశాను.

కాబట్టి ఆలస్యాన్ని ఇన్‌స్ట్రక్టర్ తనకు నచ్చినట్టు పెంచి తగ్గించగలగాలి. ఫీడ్ ఆగిపోవడం, గడులు పడటం, జీపీఎస్ మెల్లగా పక్కకు జరగడం, జామింగ్‌తో (రేడియో సంకేతాలను అడ్డుకోవడంతో) లింక్ పూర్తిగా పోవడం, ఇవన్నీ సెషన్ మధ్యలో ఆపకుండానే పుట్టించగలగాలి.

కన్సోల్

పెద్ద డ్రోన్‌కి కొంటుంటే మీటలు, స్విచ్చులు అసలు స్టేషన్‌లో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టండి. 2006 ఏప్రిల్ 25న అమెరికాలోని నొగాలెస్ దగ్గర సరిహద్దు గస్తీలో ఉన్న ప్రెడేటర్-బి కూలిపోయింది. పైలట్ కన్సోల్ బిగుసుకుపోతే అతను పక్కనున్న పేలోడ్ కన్సోల్‌కి కంట్రోల్ మార్చుకున్నాడు. రెండు కన్సోళ్లలోనూ మీటలు ఒకేలా ఉంటాయి. కానీ పైలట్ వైపు ఇంజిన్‌కి ఇంధనం ఇచ్చే, ఆపే మీట, పేలోడ్ వైపు పనిచేసేటప్పుడు కెమెరా ఐరిస్‌ని (లోపలికొచ్చే వెలుతురుని తగ్గించి పెంచే భాగాన్ని) తిప్పేది. మార్చేముందు రెండు వైపులా మీటలు ఒకే స్థానంలో ఉన్నాయో లేదో చెక్‌లిస్ట్ ప్రకారం చూసుకోవాలి. చూడలేదు. కంట్రోల్ మారిన క్షణాన ఆ మీట ఇంధనం ఆపే స్థానంలో ఉంది. గాల్లోనే ఇంజిన్ ఆగిపోయింది. కింద ఎవరికీ గాయాలు కాకపోవడం అదృష్టం.

మౌస్‌తో నొక్కే సిమ్యులేటర్‌లో ఈ ప్రమాదాన్ని అభ్యాసం చేయించే దారే లేదు. కన్సోల్‌ని హఠాత్తుగా బిగదీసి, ట్రైనీ చెక్‌లిస్ట్ తీస్తాడా లేక నేరుగా పక్క సీటుకి దూకుతాడా అని చూడాలి. మేము చేయించినప్పుడు మొదటిసారే చెక్‌లిస్ట్ తీసినవాళ్లు తక్కువ. ఐదోసారికి చెయ్యి దానంతటదే కాగితం వైపు వెళ్తుంది.

రిపోర్టింగ్, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది

2010 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లోని ఉరుజ్గాన్‌లో మూడు వాహనాల వరసని ప్రెడేటర్ సిబ్బంది గంటల తరబడి వెంటాడుతూ చూశారు. అందులో పిల్లలున్నట్టున్నారని వీడియో చూస్తున్న విశ్లేషకుల నుంచి వచ్చిన మాట, నేల మీదున్న కమాండర్ దాకా వెళ్లేసరికి పలచబడిపోయింది. చివరికి హెలికాప్టర్లు దాడి చేశాయి. 23 మంది దాకా మామూలు జనం చనిపోయారు. ప్రెడేటర్ సిబ్బంది ఇచ్చిన సమాచారం సరికాదని, వృత్తికి తగ్గట్టు లేదని అమెరికా సైన్యం విచారణే తేల్చింది. ఆ రోజు విమానం బాగానే ఎగిరింది. కెమెరా పనిచేసింది. చూసినదానికీ అనుకున్నదానికీ మధ్య గీత చెరిగిపోయింది.

ఆ గీత నిలబెట్టడం నేర్పే సౌకర్యం ఏ గ్రాఫిక్స్‌లోనూ ఉండదు. సిమ్యులేటర్‌లో రేడియో ఉండాలి, చాట్ విండో ఉండాలి, అవతల నిజమైన మనిషి కూర్చుని తొందరపెట్టాలి. "ఆయుధాలున్నాయా లేదా, ఒక్క మాటలో చెప్పు" అని మూడుసార్లు అడగాలి. "చేతిలో పొడవైనది ఉంది, ఏంటో తెలియదు" అన్న జవాబు మీద ట్రైనీ నిలబడతాడా అన్నదే పరీక్ష. మా డీబ్రీఫ్‌లో ప్రతి రిపోర్ట్‌నీ మళ్లీ వినిపించి రెండే ప్రశ్నలు వేసేవాళ్లం: ఇందులో నువ్వు చూసింది ఏది? అనుకున్నది ఏది?

దీనికి ముడిపడిందే ఇంకోటి ఉంది. సినారియోల్లో (సెషన్‌లో ట్రైనీ ముందు పెట్టే కల్పిత సన్నివేశాల్లో) ఎక్కువ భాగం ఏమీ జరగనివి పెట్టండి. నార్మన్ మ్యాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగాల్లో, రాడార్ తెర చూసేవాళ్ల పనిని పోలిన గడియారం ముల్లు ముందు మనుషుల్ని రెండు గంటలు కూర్చోబెట్టాడు. మొదటి అరగంటలోనే వాళ్లు కనిపెట్టలేకపోయిన గుర్తులు పెరిగిపోయాయి. మన సిమ్యులేటర్ సెషన్లేమో ఇరవై నిమిషాలకే ముగుస్తాయి, ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. అలా నేర్చుకున్నవాడు అసలు నిఘాలో మూడో గంటకి ఏదో ఒకటి దొరకాలని చూస్తాడు, దొరికిందనుకుంటాడు. మూడు గంటల సెషన్ పెట్టండి. రెండు గంటల పది నిమిషాలకు ఒక మనిషి గోడ దాటనివ్వండి. మరోసారి మూడు గంటలూ ఖాళీగా వదిలేసి, "ఏమీ లేదు" అని సరిగ్గా రిపోర్ట్ చేసినవాడిని మెచ్చుకోండి. ఖరీదైన యంత్రం మీద ఖాళీ గంటలు వృథా అని పైఅధికారులు అంటారు. మాతోనూ అన్నారు. నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకండి.

డీబ్రీఫ్

వీడియో, జాయ్‌స్టిక్ కదలికలు, గొంతులు, చాట్, నేల మీద నిజంగా ఏది ఎక్కడ ఉంది అన్నది, అన్నీ ఒకే గడియారం మీద రికార్డవ్వాలి. వెనక్కి తిప్పి ఏ సెకను దగ్గరైనా ఆపగలగాలి. ఇది లేని సిమ్యులేటర్‌ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. మా లెక్కలో గంట సెషన్‌కి గంట డీబ్రీఫ్.

మిగతా వ్యవస్థలతో కలపాలనుకుంటే, సిమ్యులేటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికున్న డీఐఎస్ (ఐఈఈఈ 1278), హెచ్ఎల్ఏ (ఐఈఈఈ 1516) ప్రమాణాలకు సరిపోతుందా అని అడగండి. రెండు సిమ్యులేటర్లలో నేల మ్యాపులు తేడాగా ఉంటే ఒకరికి రోడ్డు మీద కనబడే బండి ఇంకొకరికి గాల్లో తేలుతుంది. 30 మీటర్లకొక ఎత్తు బిందువు ఉన్న మ్యాప్ ఎగరేయడానికి చాలు, గోడ వెనక ఏముందో చూడటానికి చాలదు.

ఇక గంటల లెక్క

స్టాన్లీ రోస్కో 1971లో చెప్పిన పద్ధతి తేలికైనది. ఉదాహరణకి, సిమ్యులేటర్ లేకుండా మీ ప్రమాణానికి చేరడానికి 20 గంటల ఎగురవేత పడుతోందనుకోండి. 10 గంటలు సిమ్యులేటర్ చేసినవాళ్లకి 14 చాలాయి. మిగిలింది 6, దాన్ని 10తో భాగిస్తే 0.6, అంటే ఒక్కో సిమ్యులేటర్ గంటకి 0.6 ఎగురవేత గంట మిగిలినట్టు. ఇంకో 10 గంటలు సిమ్యులేటర్ పెంచితే ఎగురవేత 14 నుంచి 12కే తగ్గింది. ఆ రెండో పదికి విలువ 0.2. ఎక్కడో ఒక చోట పెంచడం దండగవుతుంది. ఆ చోటు మీ డ్రోన్‌ని బట్టి, మీ ట్రైనీలను బట్టి ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పే శాతాలు వేరే చోట, వేరే పనికి కొలిచినవి. ఒక బ్యాచ్‌ని రెండుగా చేసి మీరే కొలవండి.

కొన్ని పనులకు మాత్రం సిమ్యులేటర్ గంటలు ఎన్నైనా లెక్కలోకి రావు. డ్రోన్‌ని విప్పడం, కూర్చడం, చలికి బ్యాటరీ పడిపోవడం, యాంటెన్నా ఎక్కడ నిలబెడితే కొండ అడ్డురాదో చూసుకోవడం, ఎదురుగాలిలో లాంచ్, ఇవి బయటే నేర్చుకోవాలి. వీటి గంటలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు.

చివరగా ఒప్పందంలో తప్పకుండా రాయించుకోవాల్సింది ఒకటి: కొత్త సినారియో మీ ఇన్‌స్ట్రక్టరే తయారుచేసుకోగలగాలి, ప్రతిసారీ కంపెనీకి రాయాల్సిన అవసరం ఉండకూడదు. మాకు ఒకసారి ఆరు సినారియోలతో వచ్చింది, మార్చే వీల్లేదు. మూడో బ్యాచ్ వచ్చేసరికి వంతెన దగ్గర ఎప్పుడు చూడాలో ట్రైనీలందరికీ ముందే తెలుసు. సెషన్ మొదలవగానే కెమెరా నేరుగా అక్కడికే తిప్పేవాళ్లు.